వెంట వచ్చిన మనిషి

మార్చి 4

ఈ ఏడు వీసా కాగితాలు కాస్త ముందుగా మొదలుపెడదామని నేనే అన్నాను. గడువు జూన్ ఆఖరు వరకూ ఉంది. మామూలుగా ఆయన మే నెలలో బీరువా తెరిచి, ఒక్క సాయంత్రంలో అన్నీ సర్దేసేవారు. జపాన్‌లో, మా తొత్తోరిలో ముప్పై ఏళ్లు టౌన్ ఆఫీసు కిటికీ వెనక కూర్చుని ఊళ్లోవాళ్ల పుట్టుకలూ చావులూ పెళ్లిళ్లూ నమోదు చేసిన మనిషి. కాగితం అంటే ఆయనకు విసుగు లేదు. నాకు ఆ పని ఎప్పుడూ తగల్లేదు. థాయ్‌లాండ్‌లోని ఈ చియాంగ్ మాయ్ వచ్చి పదకొండేళ్లయింది. రిటైరైనవాళ్లకిచ్చే వీసా ఆయన పేరున, బ్యాంకులో చూపించాల్సిన డబ్బు ఆయన పేరున. దరఖాస్తులో నేను ఆయన "వెంట వచ్చిన మనిషిని". ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేదాన్ని, ఫోటో తీసేవాళ్లు ఎటు చూడమంటే అటు చూసేదాన్ని.

ముందుగా మొదలుపెట్టడానికి కారణం ఆయన చెయ్యి. పోయిన నెల సైకిల్ మీంచి పడ్డప్పుడు మణికట్టు బెణికింది. ఇంకా పూర్తిగా తగ్గలేదు.

ఏ కాగితం ఎక్కడ పెట్టానో మరిచిపోకుండా ఉండడానికి ఇది రాస్తున్నాను. అంతకు మించి ఏం లేదు.

మార్చి 6

పోయిన ఏటి కట్ట విప్పి బల్ల మీద పరిచాను. పాస్‌పోర్టు జిరాక్సులు, ఫోటోలు, బ్యాంకువాళ్ల ఉత్తరం, పాస్‌బుక్కు, మేము ఈ ఇంట్లోనే ఉంటున్నామని ఇంటావిడ ఇచ్చే కాగితం, మా పెళ్లి కాగితం, ఇంటికి దారి చూపించే పటం. ప్రతి జిరాక్సు కిందా నీలం సిరాతో సంతకం ఉండాలి. ఆయన సంతకాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నావి ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు.

"ఏమండీ, ఈసారి ఏది ముందు చూద్దాం?" అన్నాను.

"నువ్వు ఏది అంటే అది" అన్నారు. అలసిపోయారు. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

మార్చి 9

పటం గీయమని ఆయనకే ఇచ్చాను. ఏటా ఆయనే గీస్తారు. స్కేలు పెట్టి, గుడి, సందు, కరెంటు స్తంభం, అన్నీ. పొద్దుటంతా కూర్చుని చాలా శ్రద్ధగా గీశారు.

సాయంత్రం ఇంటావిడ బుప్పా వచ్చింది. ఎదురింట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున బజారులో పంది మాంసం సాసేజులు కాల్చి అమ్ముతుంది, మధ్యాహ్నం పడుకుంటుంది, సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని సందులో అందరి సంగతీ చెబుతుంది. భర్త పోయాక నోటికి ఇంకా పదునొచ్చిందని తనే చెప్పుకుంటుంది. తన కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చి, పటం చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అక్కా, మన సందు చివరికి సముద్రం ఎప్పుడొచ్చింది?" అంది.

చూశాను. నిజమే. గుడి ఉండాల్సిన చోట రేవు, పడవలు కట్టే గుంజలు, అలల గీతలు. ఇల్లు మాత్రం మాదే, వరండా కూడా వేశారు.

"బావగారూ, చేపలు చవగ్గా దొరుకుతాయా అక్కడ?" అని బుప్పా లోపలికి కేక వేసింది. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

వేళాకోళానికి వేసుంటారు. ఆయన చిన్నప్పటి ఊరి రేవు అది. మళ్లీ గీయించాలి, తొందరేం లేదు.

మార్చి 17

బ్యాంకుకు వెళ్లాం. పోయిన ఏడు ఆయన పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నారు, ఆ నంబరు ఖాతాలో మార్పించాలి. అది మారితేనే జూన్‌లో ఉత్తరం ఇస్తారు. చిన్న పని. ఒక్క సంతకం.

కౌంటరులో వారీ ఉంది. మమ్మల్ని ఏళ్లుగా ఎరిగిన పిల్ల. ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నా మేము వస్తే తనే లేచి వస్తుంది. మా అక్షరాలు దానికి చదవడం రాదు. ఆయన పాత సంతకం ఉన్న కార్డు పక్కన పెట్టుకుని బొమ్మను బొమ్మతో పోల్చినట్టు చూస్తుంది.

మొదటిసారి ఒక గీత తక్కువైంది. "పెద్దనాన్నా, ఇంకొక్కసారి" అంది. రెండోసారి ఇంటిపేరు రాసి ఆగిపోయారు. మూడోసారి కలం కింద పెట్టి, చేతులు బల్ల మీద కట్టుకుని, వారీ వైపు చాలా మర్యాదగా చూసి, "మీ దరఖాస్తు ఏదండీ? ఇలా ఇవ్వండి, చూస్తాను" అన్నారు, జపనీస్‌లో.

వారీకి అర్థం కాలేదు. నా వైపు చూసింది.

"చెయ్యి నొప్పిగా ఉందంటున్నారు. సైకిల్ మీంచి పడ్డారు" అన్నాను.

"అయ్యో. తగ్గాకే రండి పెద్దమ్మా, జూన్ దాకా టైముందిగా."

బయటికొచ్చి మంచినీళ్లు తాగాం. ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వాపు లేదు. లోపలి నొప్పి పైకి కనిపించదు.

మార్చి 18

చెయ్యి నొప్పే.

మార్చి 22

పొలాలు తగలబెడుతున్నారు. ఊరంతా పొగ, కొండ కనిపించడం మానేసింది. కిటికీలు మూసి కూర్చున్నాం. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆయన చేత సంతకం రాయిస్తున్నాను. కురొకావా తెత్సురో. నేను ముందు రాస్తాను, కింద ఆయన రాస్తారు. మొదటి వరసలో బాగానే వస్తుంది. మూడో వరసకి వచ్చేసరికి ఎటో వెళ్లిపోతుంది. "చాలు, మీ చెయ్యి అలిసిపోతుంది" అంటాను. ఆయన బుద్ధిగా కలం మూత పెడతారు.

రాసి రాసి నాకు అలవాటైపోయింది. ఇప్పుడు నేను పెట్టే సంతకం ఆయన సంతకంలా ఉంది.

మార్చి 30

ఆయన షికారుకు వెళ్లి కాస్త ఆలస్యంగా వచ్చారు. పొగ కదా, దారి సరిగ్గా కనిపించలేదు. మోటారు సైకిల్ టాక్సీ అతను వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, "పెద్దాయన దగ్గర తీసుకునేదేముందమ్మా, ఇటే వస్తున్నా" అన్నాడు. ఎక్కడ ఎక్కించుకున్నాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన ఒళ్లో అరటాకు పొట్లంలో జిగురన్నం ఉంది. ఎవరో పెట్టి పంపారు.

ఏప్రిల్ 3

ఆడపడుచు యసుయే జపాన్ నుంచి ఫోను చేసింది. మాకు పిల్లలు లేరు. ఆయన తరఫున మిగిలింది ఈ చెల్లెలు ఒక్కతే.

"వదినా, అన్నయ్య పోయిన వారం నాతో మాట్లాడుతూ అమ్మని పిలవమన్నాడు. అమ్మ పోయి ఇరవై ఏళ్లు."

"ఫోనులో సరిగ్గా వినిపించదు ఆయనకి."

"వచ్చెయ్యండి. మా ఊళ్లో వృద్ధుల ఆశ్రమం కొత్తది కట్టారు, అన్నయ్యకి చోటు అడిగి ఉంచాను. నువ్వు మా మేడ మీద గదిలో ఉండు. బస్సులో అరగంట. ఆదివారాలు వెళ్లి చూసి రావచ్చు."

మంచి మనిషే. నా మేలు కోరే చెప్పింది. ఆలోచిస్తానన్నాను. ఆదివారాలు అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది.

ఆయన వరండాలో కూర్చుని సందులో వెళ్లేవాళ్లందరికీ తల వంచి నమస్కారం పెడుతున్నారు. వాళ్లూ పెడుతున్నారు. ఐస్‌క్రీం బండివాడు కూడా.

ఏప్రిల్ 11

బ్యాంకు ఫారం ఒకటి తెచ్చుకున్నాను. ఇంట్లోనే నింపాను. సంతకం కూడా పెట్టాను. బాగా కుదిరింది. సంచీలో పెట్టాను. పండుగ సెలవులు అవగానే ఇచ్చేస్తే సరిపోతుంది. ఆయన పేరు ఆయన భార్య రాస్తే అందులో పరాయితనం ఏముంది.

ఏప్రిల్ 13

సోంక్రాన్, ఇక్కడివాళ్ల కొత్త సంవత్సరం పండుగ. పొద్దున్నే పిల్లలు బకెట్లతో సందును చెరువు చేశారు. బుప్పా కొత్త పట్టు లుంగీ కట్టుకుని, మల్లెపూలు వేసిన నీళ్ల గిన్నెతో వచ్చి పెద్దవాళ్లం కదా అని మా ఇద్దరి చేతుల మీదా పోసి మొక్కింది. ఆయన దీవించారు. ఎప్పటిలాగే నెమ్మదిగా, పెద్ద గొంతుతో. నాకు ఎంతో ఊరటగా అనిపించింది.

తర్వాత వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే బుప్పా వెనక నిలబడింది.

"అక్కా, బావగారికి చెయ్యి నొప్పి కాదు."

"బెణికింది."

"చెట్టెక్కి నాకు మామిడికాయలు కోసిచ్చాడు నిన్న. చేతికేం కాలేదు. నీకు తెలుసు, నాకు తెలుసు, సందులో కుక్కలక్కూడా తెలుసు. తప్పిపోతే ఎవరింటి ముందు నిలబడతాడో, ఎవరు తీసుకురావాలో మేము వంతులేసుకున్నాం. నువ్వొక్కదానివే మణికట్టు, మణికట్టు అంటున్నావు."

"మా ఇంటి సంగతి నీకెందుకు?"

"ఇల్లు నాది కనక" అంది.

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి నవ్వేదాన్ని. గిన్నెలు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్లాను. వీధిలో నీళ్లు, పాటలు, అరుపులు. చెట్టెక్కారట. డెబ్బై నాలుగేళ్ల వయసులో.

ఏప్రిల్ 14

బుప్పాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 15

బుప్పా సాసేజులు గుమ్మంలో పెట్టి వెళ్లింది. ఆయన తిన్నారు. నేను తినలేదు.

ఏప్రిల్ 18

బ్యాంకు తెరిచారు. ఒక్కదాన్నే వెళ్లి ఫారం ఇచ్చాను. వారీ కార్డు పక్కన పెట్టి చూసింది. ముఖం వెలిగింది.

"చాలా బాగా కుదిరిందే. పెద్దనాన్న చెయ్యి తగ్గిందన్నమాట. కానీ పెద్దమ్మా, నా కళ్ల ముందు పెట్టాలి. ఒక్కసారి తీసుకురండి, ఇలాగే పెట్టమనండి, అయిపోతుంది."

ఇలాగే పెట్టమనండి అంది. ఫారం వెనక్కి తీసుకుని, మడిచి సంచీలో పెట్టుకున్నాను. వారీ ముఖంలో అనుమానం ఏమీ లేదు. ఉంటే బాగుండేది అనిపించింది. నా మొహం చూసి ఎవరైనా ఏమైనా అడిగితే బాగుండేది.

ఇంటికొచ్చేసరికి ఆయనా బుప్పా వరండాలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్నారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. కాసేపయ్యాక, "నేను బ్యాంకులో దొంగ సంతకం పెట్టాను" అన్నాను.

బుప్పా చిక్కుడుకాయ ఈనె తీసి పారేసింది. "పట్టుకున్నారా?"

"లేదు."

"అయితే ఇంకా పెట్టనట్టే. డాక్టరు దగ్గరికి రేపు వెళ్దామా, ఎల్లుండా?"

ఆయన, "నాకేం రోగం లేదు" అన్నారు.

"నాకుంది బావగారూ, తోడు రండి" అంది.

ఏప్రిల్ 20

డాక్టరు ఆయనతో చాలాసేపు మాట్లాడారు. నన్ను బయట కూర్చోమన్నారు. తర్వాత నన్ను పిలిచి చెప్పారు. మతిమరుపు జబ్బు. ఇంకా కొన్ని మంచి రోజులు ఉంటాయి, మంచి పూటలు ఉంటాయి. ఏ పూట ఎలా ఉంటుందో చెప్పలేము. మందు నెమ్మది చేస్తుంది, ఆపదు.

నాకు తెలియని మాట ఒక్కటి కూడా చెప్పలేదు.

ఏప్రిల్ 21

బ్యాంకుకు వెళ్లి వారీ ఎదురుగా కూర్చుని చెప్పాను. "ఆయన చేతికి నొప్పి లేదు. మతిమరుపు జబ్బు. సంతకం గుర్తుండడం లేదు." థాయ్ భాషలో ఈ మాటలు దారి పొడుగునా కూడబలుక్కున్నాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

వారీ మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది.

"ఇన్నాళ్లూ దీనికోసమా పెద్దమ్మా పెద్దనాన్నని తిప్పారు? మా అమ్మమ్మ పొలం పనులు చేసి చేసి కలం పట్టుకోలేదు. ఆవిడ ఖాతా వేలిముద్ర మీదే నడుస్తుంది. ఇద్దరు సాక్షులుంటే చాలు."

"వేలిముద్ర చాలా?"

"వేలిముద్ర చాలు. కానీ ఆయనకి తాను చేస్తున్నది తెలిసి ఉండాలి. అది డాక్టరు రాసివ్వాలి, మేమూ ఆయన్నే అడుగుతాం. మీరు పక్కనుంచి చెప్పకూడదు." గ్లాసు నా చేతికిచ్చింది. "ఇంకో మాట. డబ్బు ఆయన పేరునే ఉంచితే వచ్చే ఏడు ఇదే తంటా, ఆ పై ఏడు ఇంకా పెద్ద తంటా. వీసా మీ పేరున పెట్టుకోకూడదా? మీకూ వయసు దాటిందిగా."

నాకు అరవై ఏడు. ఈ వీసాకి యాభై ఉంటే చాలు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఈ సంగతి తోచలేదు.

ఏప్రిల్ 24

ఇమిగ్రేషన్ ఆఫీసులో అడిగొచ్చాను. కుదురుతుందట. నా పేరున వీసా, నా వెంట ఆయన. కానీ ఎనిమిది లక్షల బాట్లు నా ఖాతాలో రెండు నెలలు ముందే పడి ఉండాలి. కూరగాయల డబ్బు వేసుకునే చిన్న ఖాతా ఒకటి నాకుంది, అది సరిపోతుందన్నారు. గడువు జూన్ ఆఖరు కనక ఈ వారంలో డబ్బు మారాలి. ఈ వారం దాటితే కుదరదు, దేశం వదిలి వెళ్లి మళ్లీ మొదటి నుంచి అన్నీ చేసుకోవాలి.

డాక్టరు కాగితం వచ్చింది. సాక్షిగా బుప్పా వస్తానంది. ఇంకొకరు బ్యాంకువాళ్లే ఉంటారు. ఇక కావాల్సింది ఆయనకి ఒక మంచి పూట.

ఏప్రిల్ 25

ఇవాళ కాదు. పొద్దున లేచి టౌన్ ఆఫీసుకి ఆలస్యమవుతోందని చొక్కా గుండీలు పెట్టుకున్నారు. సెలవు పెట్టానని చెప్పాను. ఎవరిని అడిగి పెట్టావని కోప్పడ్డారు.

ఏప్రిల్ 26

ఇవాళ కూడా కాదు.

సాయంత్రం యసుయే ఫోను. ఆశ్రమంవాళ్లు చోటు ఎక్కువ రోజులు ఆపలేరట. శుక్రవారం చెబుతానన్నాను.

ఏప్రిల్ 27

పొద్దున మిసో సూపు తాగుతూ, "ఉప్పు తక్కువైంది" అన్నారు. నిజంగానే తక్కువైంది. నేను వెంటనే బట్టలు మార్చుకుని బుప్పాకి కేక వేశాను. అది బజారు నుంచి అప్పుడే వచ్చింది, ఒళ్లంతా పొగ వాసన. "స్నానం చేస్తాను" అంది. "వద్దు, పద" అన్నాను.

బ్యాంకులో లోపలి గదిలో కూర్చోబెట్టారు. వారీ, ఇంకో ఉద్యోగి, బుప్పా, మేమిద్దరం. ఆయన గది అంతా చూశారు. బల్ల మీది కాగితాల దొంతర ఒక పక్కకి వాలి ఉంటే సరిచేశారు.

వారీ అడిగింది. "పెద్దనాన్నా, ఇవాళ ఎందుకొచ్చారో తెలుసా?"

"డబ్బు మార్చడానికి" అన్నారు, థాయ్‌లోనే.

"ఎక్కడి నుంచి ఎక్కడికి?"

"నాది ఈవిడకి."

"ఈవిడ ఎవరు? పేరు చెప్పండి."

ఆయన నా వైపు తిరిగి చూశారు. నా పేరు కోసం వెతుకుతున్నారని నాకు తెలిసింది. మిత్సుయో అని అందించడానికి నోరు తెరవబోయి, కూడదన్న సంగతి గుర్తొచ్చి కింది పెదవి పళ్లతో పట్టుకున్నాను. బుప్పా నా మోకాలి మీద చెయ్యి వేసింది.

చివరికి ఆయన వారీ వైపు తిరిగి, తెలియనివాళ్లకి ఓపిగ్గా చెప్పినట్టు, "మా ఇంట్లో కాగితాల పనంతా ఈవిడదే" అన్నారు. "మొదటి నుంచీ ఈవిడే చూసుకుంటుంది. నేను సంతకం పెడతాను, అంతే."

వారీ తల దించుకుని ఏదో రాసుకుంది. రాయడానికి కొంచెంసేపు పట్టింది.

"మీ డబ్బు ఆవిడకి ఇచ్చేస్తే మీకు ఇబ్బంది లేదా?"

"ఇచ్చేదేముంది? ఆవిడ దగ్గర లేనిది నా దగ్గర ఏముంది?"

"మీ భార్యే కదా?"

"మరి ఎవరనుకున్నావమ్మా" అన్నారు, కాస్త నొచ్చుకుని.

సిరా దిమ్మ తెచ్చారు. ఎవరూ చెప్పకముందే బొటనవేలు అద్ది, అటూ ఇటూ దొర్లించి, మెల్లగా ఎత్తారు. గీతలన్నీ విడివిడిగా పడ్డాయి. వంగి చూసుకుని, "ఇది చెల్లుతుంది" అన్నారు. కిటికీ వెనక కూర్చున్నప్పటి గొంతు అది. బుప్పా సాక్షి సంతకం పెట్టబోతే కాగితానికి సాసేజు నూనె అంటింది. మళ్లీ అన్నీ కొత్త కాగితం మీద చేయాల్సి వచ్చింది. రెండో వేలిముద్ర కూడా అంత బాగానే వేశారు.

బయటికి రాగానే బుప్పా అంది, "చూశావా, నీ పెళ్లైనప్పటి నించి కాగితాలన్నీ నువ్వే చూశావట. పాపం, ఎంత కష్టపడ్డావో."

ముగ్గురం నూడుల్స్ తిన్నాం. నేను రెండు గిన్నెలు తిన్నాను.

ఏప్రిల్ 28

యసుయేకి ఫోను చేసి, ఉండిపోతున్నామని చెప్పాను. "నీ ఒక్కదాని వల్ల అవుతుందా వదినా?" అంది.

"ఒక్కదాన్నే కాదు, సందులో వంతులేసుకున్నారు" అన్నాను.

అర్థం కాక మళ్లీ అడిగింది. మొత్తం చెప్పాను. ఈసారి మణికట్టు గురించి చెప్పలేదు. ఏడ్చింది. నన్ను తిట్టింది కూడా, ఇన్నాళ్లూ దాచినందుకు. పాతది చెల్లదు కనక పెళ్లి నమోదు కొత్త నకలు మన టౌన్ ఆఫీసులో తీయించి పోస్టులో పంపమన్నాను. పంపుతానంది.

మే 16

వానలు పట్టాయి. కొండ మళ్లీ కనిపిస్తోంది.

నకలు వచ్చింది. ఆయన చేతికిచ్చాను. తన ఆఫీసు కాగితమని గుర్తు పట్టారు. వెలుగులో పెట్టి పైనుంచి కింది దాకా చదివారు. "ముద్ర వంకరగా పడింది. కొత్త కుర్రాడెవరో వేసుంటాడు" అన్నారు. తర్వాత ఎవరివో పేర్లు చదువుతున్నట్టు మా పేర్లు చదివి, "అన్నీ సరిగ్గా ఉన్నాయి, తీసుకెళ్లవచ్చు" అని నాకు తిరిగిచ్చారు.

నేను థాంక్స్ చెప్పి తీసుకున్నాను. కాన్సులేటులో దాన్ని అనువాదం చేయించాలి.

మే 29

దరఖాస్తుకి కావాలని ఇంటి ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాం. బుప్పా ఫోనులో తీసింది. మొదటి దాంట్లో ఆయన లేరు, పక్కింటి పిల్లికి నమస్కారం పెట్టడానికి వెళ్లారు. రెండో దాంట్లో బుప్పా వేలుంది. మూడోది బాగుంది.

జూన్ 7

పటం నేనే గీశాను. స్కేలు లేకుండా, వంకరటింకరగా. గుడి, కరెంటు స్తంభం, మోటారు సైకిళ్ల స్టాండు. బుప్పా చూసి, "దారి తెలుస్తోంది, చాలు" అంది. తను ఉండే ఇంటిని నేను చిన్నదిగా వేశానని మళ్లీ గీయించింది.

జూన్ 14

రెండు రోజులుగా నిద్ర లేదు. ఆయన లేచి తలుపులు తీస్తున్నారు. నిన్న నా మీద విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. యసుయే మేడ మీద గది గుర్తొచ్చింది. శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది ఆ గది. ఈ మాట ఇక్కడ కాక ఇంకెక్కడా రాయలేను.

జూన్ 15

బుప్పా తలుపుకి పైన గడియ పెట్టించింది, గంట కూడా కట్టింది. మధ్యాహ్నం ఆయన్ని తన దగ్గర కూర్చోబెట్టుకుని నన్ను పడుకోమంది. చీకటి పడేదాకా నిద్రపోయాను.

జూన్ 28

ఇమిగ్రేషన్ ఆఫీసుకి తెల్లవారగానే వెళ్లాం. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎక్కడెక్కడి ముసలివాళ్లో, ఒళ్లో కాగితాల సంచులు. ఆయన చుట్టూ చూసి, "ఇవాళ జనం బాగా వచ్చారు. ఇంకో కిటికీ తెరవాలి" అన్నారు.

మా నంబరు పిలిచారు. ఆఫీసరు నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివరకి జారి ఉంది. రెండు కట్టలు ముందు పెట్టాను. పాత స్టాంపులు చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఎప్పుడూ ఆయన పేరున కదా పెడతారు. ఇప్పుడు ఎవరి వెంట ఎవరు?"

"ఈయన నా వెంట" అన్నాను.

నా పాస్‌బుక్కు తిప్పాడు. బ్యాంకు ఉత్తరం చూశాడు. పెళ్లి కాగితం అనువాదం చూశాడు. డాక్టరు కాగితం చదివి, ఆయన వైపు చూసి, సిరా దిమ్మ జరిపాడు. నాకు ఒక జిరాక్సు తిప్పి చూపించాడు. "ఇక్కడ సంతకం లేదు అమ్మగారూ."

అక్కడ పెట్టాను. ఇంకోచోట కూడా మరిచిపోయాను, అక్కడా పెట్టాను. నా సంతకాలు ఎప్పటిలాగే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేకుండా పడ్డాయి. ఆఫీసరు కిందా మీదా చూశాడు. "మనిషి ఎదురుగానే ఉన్నారుగా" అని పక్కన పెట్టాడు.

చాలాసేపు కూర్చున్నాం. తర్వాత పాస్‌పోర్టులు ఇచ్చారు. వచ్చే ఏడు జూన్ దాకా ఉండవచ్చు. నా స్టాంపు ఆయన స్టాంపు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

వాన మొదలైంది. అందరూ ఎక్కే ఎర్ర బండి ఒకటి ఆపి ఎక్కాం. లోపల మేమిద్దరం, బుట్టలో కోళ్లతో ఒక ఆవిడ. పరదా దించినా జల్లు పడుతోంది. గొడుగు ఆయన వైపు పట్టాను.

"పని అయిందా?" అని అడిగారు.

"అయింది. ఇంకో ఏడాది ఉండవచ్చన్నారు."

ఆయన వెన్ను నిటారుగా చేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, నా వైపు తిరిగి తల వంచారు.

"అయితే ఈ ఏడాదంతా మీకు శ్రమ ఇస్తాను. ఏమీ అనుకోకండి" అన్నారు.

బండి గతుకులో పడింది. కోళ్లు అరిచాయి. నేను గొడుగు పక్కన పెట్టి, ఆయనలాగే చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని తల వంచాను.

"శ్రమ ఏముందండీ. హాయిగా ఉండండి" అన్నాను.

బజారు దగ్గర దిగాం. రాత్రికి ఏం తీసుకుందామని అడిగితే, "మీ ఇష్టం" అన్నారు. ఉప్పు పట్టించి కాల్చిన చేప తీసుకున్నాను. ఆయనకి అదే ఇష్టం.